రెండోసారి పురుగు పట్టని చిట్టెలుకలు: యానిమల్ హౌస్‌తో నా అనుభవం

హెలిగ్మోసొమాయిడిస్ పాలీగైరస్ అనే పేగు పురుగు ఒకసారి సోకి తగ్గాక చిట్టెలుకకు వచ్చే రోగనిరోధక శక్తిని కొలిచే ప్రయోగం ఎట్టకేలకు ముగిసింది. ఈ పనికి దిగబోయేవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

పద్ధతి తేలికే. 200 ఎల్‌-3 (సోకే శక్తి గల మూడో దశ) లార్వాలను గావేజ్ సూదితో నోటి గుండా కడుపులోకి వదలాలి. అవి చిన్నపేగు మొదటి భాగం గోడలోకి దూరి, ఎనిమిది తొమ్మిది రోజులకు పెద్ద పురుగులై పేగులోకి వస్తాయి. సి57బ్లాక్‌6 అనే ల్యాబ్ జాతి చిట్టెలుక వాటిని వెళ్లగొట్టలేక వారాల తరబడి మోస్తుంది. 14, 15వ రోజుల్లో కిలోకి 100 మి.గ్రా. చొప్పున పైరాంటెల్ పామోయేట్ అనే నులిపురుగుల మందు తాగించి పురుగులను దింపేస్తాం. నాలుగైదు వారాలు ఆగి మళ్లీ లార్వాలిస్తే, ఈసారి చాలామటుకు పేగు గోడలోనే చిక్కుకుపోతాయి. ఐఎల్‌-4, ఐఎల్‌-13 అనే రోగనిరోధక ప్రోటీన్ల సంకేతాలందుకున్న రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు వాటిని చుట్టేసి గడ్డ కట్టిస్తాయి.

జంతువులపై ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కోరే దరఖాస్తు, ఫారం-బి, సాఫీగానే పోయింది.

లార్వాల పెంపకంలో తడి చూసుకోవాలి. సోకిన ఎలుకల పెంటికలను నీళ్లతో మెదిపి, బొగ్గుపొడి కలిపి, పెట్రీ డిష్‌లో తడి ఫిల్టర్ పేపర్ మీద పలచగా పరవాలి. ఆరిపోతే గుడ్లు చస్తాయి, నీళ్లెక్కువైతే బూజూ కుళ్లూ. ఏడో రోజు నుంచి లార్వాలు కాగితం అంచు దగ్గరి నీళ్లలోకి పాకుతాయి. వాటిని 4 డిగ్రీల దగ్గర దాచవచ్చు గానీ పాతబడేకొద్దీ పస తగ్గుతుంది. డోసు తీసేటప్పుడు ట్యూబ్‌ను ప్రతిసారీ కలపండి. లార్వాలు చూస్తుండగానే అడుక్కి దిగుతాయి. కలపకపోతే మొదటి ఎలుకకు నూరు, చివరిదానికి మూడొందలు వెళ్తాయి.

అసలు కష్టం ఎలుకలను ఉంచి సాకే యానిమల్ హౌస్‌తో వచ్చింది. రెండో దఫా లార్వాలిచ్చిన 14 రోజులకు పేగులు తెరిస్తే, ఆ గుంపులో ఒక్క పురుగూ లేదు. నూటికి నూరు శాతం రక్షణ అని చుట్టూ ఉన్నవాళ్లు సంబరపడ్డారు. కానీ అదే రోజు, అదే ట్యూబ్ నుంచి, జీవితంలో మొదటిసారి లార్వాలు తీసుకున్న కంట్రోల్ గుంపులోనూ సున్నానే! ఆ గుంపు లేకపోతే ఈ అబద్ధమే పేపర్‌గా అచ్చయ్యేది.

సమీక్షలో అందరి ముందూ యానిమల్ హౌస్ బాధ్యులు, "మీరు ఎక్కించినవి చచ్చిన లార్వాలు. మా ఎలుకలకేం?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. మిగిలిన లార్వాలను 37 డిగ్రీల నీళ్లలో వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మెలికలు తిరుగుతున్నాయి. వాటినే వేరే చోట పెరిగిన ఎలుకలకిస్తే పురుగులు నిక్షేపంగా పట్టాయి.

చివరికి గుట్టు దాణా బస్తా మీది చీటీలో దొరికింది. ఫెన్‌బెండజోల్, అదీ నులిపురుగుల మందే, 150 పీపీఎం (పది లక్షల పాళ్లలో 150). సరఫరాదారు దగ్గర నుంచి వచ్చిన ఎలుకల్లో మరో రకం పేగు పురుగైన పిన్‌వార్మ్ ఉందట, వారం విడిచి వారం మందు దాణా పెడుతున్నారట. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. పైరాంటెల్ పేగులోని పెద్ద పురుగులను దింపి ఊరుకుంటుంది. ఫెన్‌బెండజోల్ మందు దాణా పెట్టే వారాల్లో మేతతో పాటు రోజూ ఒంట్లోకి పోయి, పురుగు కణాల్లోని కీలక ప్రోటీన్ ట్యూబ్యులిన్‌ను పట్టుకుంటుంది. ఇక పురుగు నిలిచేదెక్కడ? ప్రాణాలు తీసి చేసే పనిలో ఇలాంటి దాపరికం నేరం. అన్ని ఎలుకలూ ఉత్తపుణ్యానికి పోయాయి.

మందు ఆపితే సరిపోతుందా అంటే, చాలదు. పిన్‌వార్మ్ కూడా మనం కొలిచే, పురుగులను ఎదుర్కొనే టీహెచ్‌-2 స్పందననే రేపుతుంది. కాబట్టి ఎలుకలు దిగిన రోజే మలద్వారం దగ్గర సెలోటేప్ అంటించి గుడ్ల కోసం చూడండి. సిఫేసియా రకం పిన్‌వార్మ్ అలా దొరుకుతుంది. యాస్పిక్యులూరిస్ రకం గుడ్లు టేపుకి అంటవు, పెంటికలను ఉప్పునీళ్లలో తేల్చి చూడాల్సిందే. బస్తా మారిన ప్రతిసారీ చీటీ ఫోటో తీసుకోండి. నోటిమాట నమ్మకండి.

శుభ్రమైన ఎలుకలతో మళ్లీ చేశాం. పేగును నిలువునా చీల్చి, పలచటి గుడ్డలో కట్టి, 37 డిగ్రీల సెలైన్‌లో రెండు మూడు గంటలు వేలాడదీస్తే, కంట్రోల్ గుంపు ట్యూబ్ అడుగున ఎర్రటి పురుగులు స్ప్రింగుల్లా చుట్టుకుని పోగుపడ్డాయి. రెండో దఫా గుంపులో కొద్దిగానే రాలాయి, పేగు బయటి గోడ మీద మాత్రం తెల్లటి గడ్డలు స్పష్టంగా కనిపించాయి. పురుగులతో పాటు ఆ గడ్డలూ లెక్కపెట్టండి.

మందు తాగించి, రెండో దఫా లార్వాలివ్వని గుంపు ఒకటి తప్పనిసరిగా ఉంచండి. ఎలుకల సంఖ్య తగ్గించమని కమిటీ అడిగితే ముందు దాని మీదే వేలు పెడుతుంది. ఒప్పుకోకండి. ఆ గుంపు లేకపోతే, చివర్లో దొరికిన పురుగు రెండో దఫాదో, మందుకి చావక మిగిలిన మొదటి దఫాదో ఎవరూ తేల్చలేరు.