కళ్లజోడు తీసేసి ఎక్కిన రోలర్ కోస్టర్

నిన్న రాత్రి పన్నెండు దాటాక కావలి చేరాం. మెడ పట్టేసింది, కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేద్దామని పొద్దున్నే కూర్చున్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పంతొమ్మిదేళ్లయింది. పని, శక్తి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక గుట్ట, దాని పక్కన రోలర్ కోస్టర్ బండి తలకిందులుగా తిరిగే ఒక చుట్టు గీస్తాను. 40 మీటర్ల ఎత్తు నుంచి బండి జారితే కిందికొచ్చేసరికి వేగం సెకనుకు 28 మీటర్లు, అంటే గంటకు 100 కిలోమీటర్లు. బండిలో ఇంజను ఉండదు. గొలుసు దాన్ని పైదాకా లాగి వదిలేస్తుంది. ఆ తర్వాత బండి చేసే విన్యాసాలన్నిటికీ ఆ ఎత్తే పెట్టుబడి. నా దగ్గర చదివిన పిల్లల్ని నిద్రలేపి అడిగినా ఈ లెక్క చెప్తారు. ఆ మాట నేను గర్వంగానే చెప్తాను.

కానీ నేనెప్పుడూ రోలర్ కోస్టర్ ఎక్కలేదు. నెల్లూరు వీఆర్ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కానంతే. అందుకే చెన్నై దగ్గర కొత్త పార్కులో పెద్ద కోస్టర్ పెట్టారని తెలియగానే, ఒంగోలులో బీటెక్ చదివే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు శనివారం రాత్రే వచ్చేశాడు.

ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. తెల్లవారుజామున మూడున్నరకి కారు తీశాం. హైవే ఖాళీ. రెడ్ హిల్స్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చెన్నై ట్రాఫిక్‌తో పనిలేదు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం కాబట్టి గేటు దగ్గర ఐదు నిమిషాలే పట్టింది. వెళ్లేవాళ్లు ఆదివారం మాత్రం వెళ్లకండి.

కింద నిలబడి కోస్టర్‌ని చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. చుట్టు గుండ్రంగా లేదు, కన్నీటి చుక్కలా పైన సన్నగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. నిలువు వృత్తంలో కింద, పైన పనిచేసే బలాల తేడా 6ఎంజీ అని ఇంటర్ పిల్లలంతా బట్టీ కొడతారు. అంటే అచ్చమైన వృత్తం కడితే మనిషి బరువుకి ఆరు రెట్లు తేడా ఒంటి మీద పడుతుంది. 1895లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో అలా గుండ్రంగానే కట్టారు. ఎక్కినవాళ్లకి మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో ఈ చుక్క ఆకారంతో కట్టాకే చుట్టు తిరిగే కోస్టర్లు నిలదొక్కుకున్నాయి. అంత చదువుకున్న వస్తువు ఎదురుగా నిలబడి ఉంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పైకెళ్లాక గొలుసు బండిని ఎక్కడ వదులుతుందో చూడాలి, చుట్టు పైకొనలో నేల ఎటువైపు కనపడుతుందో చూడాలి అని కారులోనే మా వాడికి చెప్పుకుంటూ వచ్చాను.

క్యూలో రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డాం. క్యూ మొదట్లో పెద్ద బోర్డు ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు, ఫోన్లు, బ్యాగులు లాకర్‌లో పెట్టాలి అని రాశారు. ఫోన్లు పెట్టేశాం. కళ్లజోడు గురించి ఆ బోర్డు మీద ఒక్క ముక్క లేదు. మొత్తం చదివాను, పక్కనున్న బొమ్మలు కూడా చూశాను.

మెట్లెక్కి ప్లాట్‌ఫాం మీదికి చేరాక, అక్కడ పనిచేసే కుర్రాడు నా మొహం వైపు వేలు పెట్టి "స్పెక్స్, స్పెక్స్" అన్నాడు. తాడు ఉంటేనే పెట్టుకోవాలట. కర్చీఫుతో కట్టుకుంటానన్నాను, కుదరదన్నాడు. నా పవర్ మైనస్ ఏడున్నర, జోడు లేకపోతే ఏమీ కనపడదని ఇంగ్లీషులో చెప్పాను. కిందికెళ్లి లాకర్‌లో పెట్టి మళ్లీ క్యూ చివర్నుంచి రమ్మన్నాడు. మా వాడు గట్టిగా అడిగేసరికి, చెప్పులు పెట్టే అర చూపించి, అక్కడ పెట్టుకుంటే పెట్టుకోండి, పోతే మా బాధ్యత కాదన్నాడు. కళ్లజోడుని కర్చీఫులో చుట్టి నా షూలో దాచాను.

నిబంధనతో నాకు గొడవ లేదు. ఆ వేగంలో ఊడిన కళ్లజోడు వెనకవాడి కంటికి తగిలితే ఏమవుతుందో నాకంటే ఆ కుర్రాడికి ఎక్కువ తెలియదు. ఆ మాట రెండు గంటల ముందు, కింద బోర్డు దగ్గర చెప్పకపోవడమే తప్పు.

అసలు అవమానం ఆ తర్వాత జరిగింది. వరసలు నింపుతూ మా వాడిని ముందు గేటుకి పంపేశారు. నాకు ఏదో నంబరు చెప్పారు. నంబర్లు నేల మీద రాసున్నాయట. నాకు నేలే మసకగా ఉంది. వట్టి కాళ్లతో, అంచనాగా లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒక గేటు దగ్గర నిలబడ్డాను. అది తప్పు గేటు. ఆ కుర్రాడు "హలో అంకుల్!" అని అరిచి, మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. వెనక జనం నవ్వారు. అందులో ఒక గొంతు మన తెలుగే. "ఆయనకి కళ్లు కనపడవంట, ఎందుకొచ్చినట్టో" అంది. పరాయి ఊళ్లో మనవాళ్ల నోటి నుంచి ఆ మాట వినేసరికి చెవులు వేడెక్కాయి.

బోర్డు కనపడని పిల్లలు ప్రతి సంవత్సరం నా క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేను వాళ్లని అందరి ముందూ "నీకు కనపడదా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. నోట్సులో తప్పులు చూసి గుర్తుపట్టి, మర్నాడు ఏదో పని చెప్పి ముందు బెంచీకి పిలుస్తాను, ఇంటికి విడిగా కబురు చేస్తాను. చూపు తక్కువున్న మనిషిని చెయ్యి పట్టి లాగకూడదు, ఎటు నడవాలో నోటితో చెప్పాలి. ఇది నేర్పడానికి పెద్ద శిక్షణ అక్కర్లేదు. రోజుకి ఎంతమంది కళ్లజోడువాళ్లు ఆ మెట్లెక్కుతారు! ఒక్కొక్కరికీ ఇదేనా?

చివరికి క్యూలో నా వెనకున్న తమిళ అబ్బాయి, నా విద్యార్థుల వయసువాడు, "సార్, ఇక్కడ" అని సరైన గేటు దాకా తోడొచ్చాడు. నేను ఆశపడింది చివరి వరస. ముందు పెట్టెలు దిగుతూ లాగేస్తాయి కాబట్టి మొదటి దిగుడు అక్కడే గట్టిగా తెలుస్తుంది. దొరికింది మధ్య వరస.

రైడ్ గురించి రాయడానికి ఎంత తక్కువ ఉందో చూడండి. గొలుసు మీద ఎక్కుతున్నంతసేపూ పైన తెల్లటి వెలుగు, కింద పచ్చటి మసక. తర్వాత కడుపు ఒక్కసారిగా తేలిపోయింది. మలుపు ఎటు వస్తుందో కనపడితే మెడ బిగబట్టుకోవచ్చు. కనపడక రెండు వైపులా కొట్టుకుంది. చుట్టు ఎప్పుడు తిరిగామో, అది చుట్టేనో మెలికో నాకు తెలియలేదు. ఏదో ఒక క్షణం ఒళ్లు బరువెక్కి సీటుకి అతుక్కుపోయింది. చుట్టు అడుగు అదే అయ్యుండాలి. తర్వాత బ్రేకు పడింది. నిమిషంన్నర కూడా ఉండదు.

షూలో జోడు క్షేమంగానే ఉంది. బయటికొచ్చే దారిలో పార్కువాళ్ల షాపు ఉంది. అందులో కళ్లజోడు తాళ్లు వేలాడదీసి ఉన్నాయి, ఒక్కోటి మూడు వందల యాభై. అమ్మే చోట ఉంది గాని చెప్పే చోట లేదు! మళ్లీ ఎక్కుదామని చూస్తే క్యూ మూడు గంటలన్నారు. అప్పటికే మధ్యాహ్నం మూడు దాటింది.

కళ్లజోడు ఉన్నవాళ్లు తల చుట్టూ బిగించే ఎలాస్టిక్ తాడు ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి. నేను ఇవాళ సాయంత్రం ట్రంక్ రోడ్డులో చూస్తాను. క్యూలో నిలబడకముందే కింద ఉన్నవాళ్లని "దీనికి కళ్లజోడు ఒప్పుకుంటారా?" అని నోరు తెరిచి అడగండి, బోర్డుని నమ్మకండి. పార్కు లోపల భోజనం మాత్రం బాగుంది, దానికి వంక పెట్టను.

తిరుగు ప్రయాణంలో మా వాడిని అడిగి అడిగి చెప్పించుకున్నాను. సూళ్లూరుపేట దాటేదాకా చెప్తూనే ఉన్నాడు, నేను వెనక సీట్లో లైటు వేసుకుని నోటు పుస్తకంలో గీసుకుంటూ కూర్చున్నాను. మొదటి దిగుడు తర్వాత ఎడమకి వాలిందట, చుట్టు పైకొనలో పార్కింగ్‌లోని కార్లన్నీ తల మీద కనపడ్డాయట. ఆ కార్లు కూడా గీశాను. చివరికి, గొలుసు వదిలింది శిఖరానికి ముందా, దాటాకా అని అడిగాను.

"అది గమనించలేదు మావయ్యా" అన్నాడు.

ఆ చోట పేజీలో ఖాళీ వదిలాను.