స్కాన్ నార్మల్, కాలు మాత్రం కదలదు

వాళ్ల నాన్నగారు పోయిన కొన్నాళ్లకి మా వదినకి కుడికాలు పట్టు తప్పింది. ఎమ్మారై నార్మల్. చుట్టాల్లో ఒకరు నాటకమన్నారు, ఇంకొకరు గాలి సోకిందని తాయత్తు కట్టించారు. బాత్రూంలో పడి మోచెయ్యి చీరుకునేంత నాటకం ఎవరాడతారండీ?

చివరికి ఒక న్యూరాలజిస్టు ఆవిణ్ణి పడుకోబెట్టి, కుడి మడమతో మంచాన్ని కిందికి నొక్కమన్నారు. కాలేదు. తర్వాత ఎడమకాలు పైకెత్తమని, దాన్ని చేత్తో ఆపుతూ ఉంటే కుడి మడమ దానంతటదే గట్టిగా నొక్కింది! ఇది హూవర్ పరీక్షట, 1908 నాటిది. నరాలూ కండరాలూ బాగానే ఉన్నాయి, మెదడు ఆ కాలిని నడిపే తీరులోనే తేడా వచ్చింది, కావాలని చేసేది కాదు అన్నారాయన. ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అని రాశారు. ఆ మాట విని వదిన ఏడ్చేసింది, తనని నమ్మిన మొదటి డాక్టరు మరి.

మనసులో బాధ ఉంటేనే ఇది వస్తుందనీ లేదు. మానసిక రుగ్మతల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులో ఆ షరతే తీసేశారు. వదిన విషయంలో మాత్రం దిగులు పాత్ర ఉందనే నాకనిపిస్తుంది.

వైద్యం అంటే ముఖ్యంగా ఫిజియోథెరపీ, తోడుగా కౌన్సెలింగ్. ధ్యాస కాలి మీదికి పోకుండా నడిపించడమే అందులో కిటుకు. ముందుకు ఈడ్చుకుంటూ నడిచే మనిషి వెనక్కి మాత్రం చక్కగా నడిచేది! కబుర్లు చెబుతూ నడిస్తే ఇంకా నయం.

ఇప్పుడు రైతుబజారుకి తనే వెళ్లొస్తోంది. బాగా అలసిపోయిన రోజు కాలు మళ్లీ మొరాయిస్తుంది. తాయత్తు కట్టించిన పెద్దమ్మ మాత్రం క్రెడిట్ వదులుకోవడం లేదు.