రాత్రి తనంతట తిరిగిన క్రేను

బరంపురం వెళ్లింది పిన్ని వాళ్ల గృహప్రవేశానికి. ఫలక్‌నుమా గంటన్నర లేటు. స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్లకు ఆటో అతను రెండు వందలన్నాడు. తెలుగులో బేరమాడితే నూట యాభైకి దిగాడు, అదీ ఎక్కువే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా అంటాం గానీ, పిన్ని వాళ్ల వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పూజారి దాకా అందరి నోటా మన మాటే. గృహప్రవేశం చక్కగా జరిగింది. నేను రాయాలనుకున్నది మాత్రం వాళ్ల డాబా మీంచి కనిపించిన క్రేను గురించి.

ఆదివారాలు హైదరాబాద్‌లో కోకాపేట వెళ్లి, కడుతున్న టవర్లనీ క్రేన్లనీ ఫొటోలు తీయడం నాకు అలవాటు. అక్కడ ఎటు చూసినా క్రేన్లే, ఒకదాని చెయ్యి ఇంకోదాని మీదుగా పోతుంటుంది. ఇక్కడ రెండు మూడంతస్తుల ఇళ్లు, కొబ్బరిచెట్ల మధ్య పసుపు రంగుది ఒక్కటే ఉంది. సాయంత్రం దాని చెయ్యి స్టేషన్ వైపు ఉండగా నాలుగు ఫొటోలు తీసుకున్నాను.

రాత్రి ఉక్కపోతకి నిద్ర పట్టక డాబా ఎక్కాను. సైట్లో పని ఆగిపోయింది, క్రేను కొసన ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతోంది. ఆ లైటు కదులుతోంది! చూస్తుండగానే స్టేషన్ వైపు నుంచి మెల్లగా మా వైపు వచ్చేసింది. నాకు టెన్షన్ పట్టుకుంది. చెప్పులేసుకుని సైటు గేటు దాకా పరిగెత్తాను.

కాపలా ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏటి బాబూ, ఈ వేళప్పుడు?"

"తాతా, క్రేను తిరిగిపోతోంది! పైన ఎవరూ లేరు కదా?"

"తిరగాలి బాబూ. తిరక్కపోతేనే భయం. దిగినప్పుడు బ్రేకు ఇడిసీసి వస్తారు, గాలి ఎటు తోస్తే అటు పోద్ది."

బిగించేస్తే గాలి ఆ పొడవాటి చేతికి అడ్డంగా కొట్టి, ఆ తోపుడంతా నిలువు స్తంభం మీద పడుతుందట. వదిలేస్తే గాలివాటుకి తిరిగి నిలబడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఎంతో దూరం లేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది అక్కడే. ఆ రాత్రి తలుపులకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నామని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

పొద్దున్నే మళ్లీ వెళ్తే ఆపరేటర్ కలిశాడు. సోంపేట వైపు కుర్రాడు. "రాత్రి భయపడ్డారంట కదన్నా" అన్నాడు. కోకాపేటలో రెండేళ్లు చేశాడట. క్రేను ఎత్తు ఎలా పెరుగుతుందో చెప్పాడు: జాకీతో పై భాగమంతా లేపి, ఆ ఖాళీలో స్తంభం ముక్క ఒకటి దూర్చి బోల్టులు బిగిస్తారు. హుక్కు కొసకి పోయేకొద్దీ ఎత్తగల బరువు తగ్గిపోతుందట.

నా కోకాపేట ఫొటోలు ఫోన్లో చూపించాను. ఒక్కోటీ పెద్దది చేసి, క్యాబిన్ ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు. వందల ఫొటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి కనపడలేదు. 1930లో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతున్నప్పుడు ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ కెమెరా పట్టుకుని అంత ఎత్తుకీ ఎక్కింది, దూలాల మీద పనిచేసేవాళ్ల ముఖాల కోసం. అది తెలిసి కూడా నేను ఇన్నాళ్లూ ఇనుమునే తీస్తూ వచ్చాను.

"మా అమ్మకి నేనెక్కడ కూచుంటానో తెలీదన్నా. ఒక్కటి తీస్తారా? మొహం కనపడాలి" అన్నాడు.

నీళ్ల సీసా నడుముకి కట్టుకుని నిచ్చెన ఎక్కాడు. జూమ్ పెట్టి చూస్తే క్యాబిన్ అద్దం మీద ఎండ తప్ప ఏమీ లేదు. పదకొండింటి బస్సు వదిలేశాను. ఎండలో మెడ నొప్పెట్టేదాకా చూశాక, ఊచల కట్ట ఎత్తుకుని క్రేను ఇటు తిరిగింది, దాంతోపాటే క్యాబినూ తిరిగింది. అద్దం మీంచి ఎండ తప్పుకుంది. మనిషి కనిపించాడు. ముందుకి వంగి, కాళ్ల మధ్యలోంచి కిందనున్న హుక్కునే చూస్తున్నాడు. నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.

అదే పంపాను.