180 కిలోమీటర్ల మొక్క

ఒడ్డున గోధుమరంగు పట్టీలు మోకాలెత్తున మేట వేసి ఉన్నాయి. నాచే కదా అని దాటిపోబోయి, ఎందుకో ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎండకు పట్టి చూస్తే నిలువునా సన్నటి ఈనెలు! నాచుకు ఈనెలుండవు, వేళ్లూ ఉండవు. ఇది ఆకు. నేల మీది పూలమొక్కల వంశంలోంచి కోట్ల ఏళ్ల కిందట మళ్లీ సముద్రంలోకి దిగిపోయిన గడ్డి ఇది. నీళ్లలోనే పూస్తుంది, కాస్తుంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఉత్తరానికి 800 కిలోమీటర్లు దాటి షార్క్ బేకు వచ్చింది దీన్ని చూడాలనే.

ముఖానికి అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని తల ముంచాను. చూపు ఆనినంత మేర పచ్చిక. ఒక్కో ఆకు చిటికెన వేలంత వెడల్పు, కొస గుండ్రం. అల రాగానే అంతా ఒకపక్కకు వాలి, అల పోగానే లేస్తోంది. ముదురాకుల మీద తెల్లటి సున్నపు పొర, దాని మీద గోరంత నత్త. ఎండ సూటిగా పడేచోట ఆకు అంచున సూదిమొనంత బుడగలు పుట్టి, ఒక్కొక్కటే విడివడి పైకి పోతున్నాయి. మొక్క ఊపిరిని కళ్లారా చూస్తున్నానని ఒళ్లు గగుర్పొడిచింది.

ఒకచోట ఇసుక కొట్టుకుపోయి, పీచు చుట్టుకున్న కాండం బయటపడి ఉంది. గరికలాగే అడ్డంగా పాకుతూ, వేళ్లు దించుకుంటూ, చిగుళ్లు వేస్తూ పోతుంది. ఏడాదికి 35 సెంటీమీటర్ల దాకా సాగుతుందట. పొసిడోనియా ఆస్ట్రాలిస్ అనే ఈ గడ్డిని ఇక్కడ పదిచోట్ల సేకరించి జన్యుపరీక్ష చేస్తే, తొమ్మిది చోట్ల ఉన్నది ఒకే మొక్క అని తేలింది! 2022లో ఆ సంగతి ప్రకటించారు. 180 కిలోమీటర్ల మేర పరుచుకున్న ఒకే ఒక్క ప్రాణి. వయసు సుమారు 4,500 ఏళ్లు. ఈ జాతికి మామూలుగా 20 క్రోమోజోములైతే దీనికి 40. ఇక్కడి వేడిని, ఉప్పుదనాన్ని తట్టుకోవడానికి ఆ రెట్టింపే తోడ్పడి ఉండొచ్చని శాస్త్రవేత్తల అంచనా.

తట్టుకోవడానికీ ఒక హద్దుంది. 2011 వేసవిలో సముద్రం వేడెక్కి ఈ అఖాతంలోని గడ్డి పెద్దఎత్తున నశించింది. పక్కనే పెరిగే ఆంఫిబోలిస్ అనే మరో గడ్డి అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతింది. ఇక్కడి మూలవాసులు మల్గానా ప్రజలు. వారి రేంజర్లు శాస్త్రవేత్తలతో కలిసి పోయినచోట మళ్లీ గడ్డి నాటే పనిలో ఉన్నారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించిన పని అది.

అలసట వచ్చి, నిలబడదామని కాలు దించబోయి ఆగిపోయాను. కింద ఆకులు. ఇసుక మచ్చ కనిపించేదాకా ఈదుకుంటూ వెళ్లి, అక్కడ పాదం మోపాను.