ఆ మాట మేమే అడగలేదు

గూలూకి వచ్చి మూడేళ్లు నిండాయి. ఉత్తర ఉగాండాలో నువ్వులు, సోయా కొని కంపాలాకి పంపే ఒక గోడౌన్‌లో మేనేజర్‌ని. పేరుకి మేనేజర్‌ని గానీ కాటా దగ్గర నిలబడేదీ నేనే, బిల్లు రాసేదీ నేనే, రాత్రి తాళం వేసేదీ నేనే. ఈ మూడేళ్లలో లెక్క తప్పినందుకు ఓనర్ చేత తిట్లు తిన్నాను, దారిలో లారీ చెడిపోయినందుకూ తిన్నాను. అవన్నీ ఆ పూటకే మర్చిపోయాను. పోయిన నెల పడ్డ తిట్టు మాత్రం ఇంకా అరగలేదు. తిట్టింది మా దగ్గర నువ్వులు చెరిగే పెద్దావిడ. గొంతు కూడా పెంచలేదు.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. లారీ రాలేదు. అందరం షట్టర్ ముందు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాం. నా పక్కన మా స్టాక్ అసిస్టెంట్. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. చిన్నప్పుడు తిరుగుబాటు ముఠా నాయకుడు కోనీ మనుషులు ఎత్తుకుపోయారనీ, రెండేళ్లు అడవిలో ఉండి తప్పించుకొచ్చాడనీ అతను చేరిన కొత్తలోనే ఎవరో నా చెవిన వేశారు. చేతిలో టీ, చెయ్యడానికి పని లేదు, ఇక నోరు ఊరుకుంటుందా? "అప్పట్లో నీ చేతికి తుపాకీ ఇచ్చారా?" అన్నాను. అతను కప్పులోకి చూశాడు. అక్కడితో ఆపాల్సింది. "మరి ఎవరినైనా..." అని సగంలో వదిలేశాను, అలా వదిలేస్తే మర్యాదగా అడిగినట్టు.

అతను లేచి వానలోకి వెళ్లి టార్పాలిన్ తాడు బిగించాడు. ఆ తాడు బిగిసే ఉంది.

ఆవిడ చాట కింద పెట్టింది. "బాస్, ఆ మాట అతన్ని కన్నతల్లే అడగలేదు. ఈ ఊళ్లో మేమెవరం అడగలేదు. మీరు అడిగారు" అంది. మళ్లీ చాట అందుకుని చెరగడం మొదలుపెట్టింది.

రాత్రి పడుకుని నాలో నేనే వాదించుకున్నాను. నేనడిగిన దాంట్లో తప్పేముంది? మనం బస్సులో పక్క సీట్లో మనిషిని కూడా పెళ్లయిందా, పిల్లలెంతమంది, జీతమెంత అని అడుగుతాం. అడక్కపోతే పొగరంటారు. చావు జరిగిన ఇంటికి వెళ్తే "ఎలా జరిగిందమ్మా" అంటాం. వాళ్లు మొదటి నుంచీ చెబుతారు, వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతారు, అలా చెప్పి చెప్పే కాస్త తేలికపడతారు. మనకి అడగడమే పలకరింపు. పలకరింపు కూడా నేరమైతే పరాయి దేశంలో మనిషి ఎవరితో మాట్లాడాలి? ఇలా ఒంటిగంట దాకా నా కేసు నేనే గెలిపించుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకంటే "మరి ఎవరినైనా" అన్నప్పుడు నా గొంతులో ఉన్నది పరామర్శ కాదని నాకు తెలుసు. రోడ్డు పక్కన యాక్సిడెంట్ జరిగితే బస్సు కిటికీలోంచి మెడ చాచి చూసేవాడి గొంతు అది.

ఇక్కడి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. జోసెఫ్ కోనీ ఈ చుట్టుపక్కల ఓడెక్ అనే పల్లెలో పుట్టాడు. 1980ల చివర్లో ప్రభుత్వం మీద తిరగబడి, తన ముఠాకి లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అని దేవుడి పేరు తగిలించాడు. జనం తమంతట తాము వెంట రాకపోయేసరికి తన సొంత జాతి అచోలీ వాళ్ల పిల్లల్నే ఎత్తుకుపోవడం మొదలుపెట్టాడు. అలా పోయిన పిల్లలు 25,000కి పైనే అని యూనిసెఫ్ అంచనా. 1996 అక్టోబరులో అబోకేలోని ఆడపిల్లల బడి మీద పడి ఒక్క రాత్రిలో 139 మందిని తీసుకుపోయారు. ఆ బడి సిస్టర్ రాకెలే ఫస్సేరా వాళ్ల వెనకాలే అడవిలోకి నడిచి వెళ్లి, బతిమాలి 109 మందిని తెచ్చుకుంది. మిగతా 30 మందిని ఇవ్వలేదు. 2006 ప్రాంతంలో, శాంతి చర్చలు మొదలైన రోజుల్లో, ముఠా ఉగాండా వదిలి కాంగో వైపు పోయింది.

పిల్లలే ఎందుకంటే, పెద్దవాడు ఎదురు తిరుగుతాడు, సందు దొరికితే పారిపోతాడు. పిల్లాడికి భయం ఒక్కటి నేర్పితే చాలు. ఆ భయం నేర్పే పద్ధతి కూడా ఇక్కడ అందరికీ తెలుసు. పారిపోబోయి దొరికిన ఇంకో పిల్లాడిని కొట్టమంటారు. కొన్నిసార్లు చచ్చేదాకా. కొట్టకపోతే తర్వాతి వంతు నీది. ఆ పని అయ్యాక చెబుతారు, "నువ్వు చేసింది మీ ఊరికి తెలుసు, ఇక నిన్నెవరూ గడప తొక్కనివ్వరు" అని. ఆ మాట కాపలా కాస్తుంటే పిల్లాడికి వేరే సంకెళ్లు ఎందుకు?

ఇది తెలిశాక నా ప్రశ్న నాకే ఇంకోలా వినిపించింది. వాళ్లు అతన్ని ఏ మాటతో బెదిరించి ఉంచారో, ఇరవై ఏళ్ల తర్వాత టీ తాగుతూ నేనూ అదే మాట ఎత్తాను.

రెండు రోజుల తర్వాత ఆవిడే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. (ఇక్కడ పెద్ద ఆడవాళ్లని 'మామా' అంటారు. మొదట్లో నాకు నోరు తిరగలేదు, మామ అంటే మీసాలు గుర్తొచ్చేవి.) మేం టీ తాగే అరుగు చూపించింది. 2003, 2004లో సాయంత్రమయ్యేసరికి పల్లెల నుంచి పిల్లలు వేలల్లో నడిచొచ్చేవారట, రాత్రి ఇంట్లో పడుకుంటే ఎత్తుకుపోతారని. ఆసుపత్రి ఆవరణలో, బస్టాండులో, కొట్ల ముందు, ఈ అరుగు మీద కూడా వరసగా పడుకుని, తెల్లారి మళ్లీ నడిచి బడికి పోయేవారు. అప్పుడు ఊళ్లో మెగా ఎఫ్ఎం రేడియోలో 'ద్వోగ్ పాచో' అని ఒక కార్యక్రమం వచ్చేది. అంటే 'ఇంటికి వచ్చెయ్' అని. తప్పించుకొచ్చిన పిల్లలే మైకు ముందు కూర్చుని, "నేను వచ్చేశాను, నన్నెవరూ ఏమీ అనలేదు, మీరూ రండి" అని అడవిలో ఉన్నవాళ్లకి చెప్పేవారు. ఆవిడ దాన్ని ఏ వారమూ వదలకుండా వినేదట. పెద్ద కొడుకు గొంతు వినిపిస్తుందేమోనని. ఆ అబ్బాయి రాలేదు. అతని ఈడువాళ్లు కొందరు వచ్చారు. వాళ్లలో మా అసిస్టెంట్ ఒకడు.

"వచ్చినవాడిని ఏం చేసి వచ్చావని అడిగితే, ఆ మాట అడవి దాకా పోతుంది. అప్పుడు నా కొడుకు వస్తాడా?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. పలకరింపు గురించి నేను చేసిన వాదన ఆవిడ ముందు చెప్పలేదు.

ప్రభుత్వం కూడా 2000లో క్షమాభిక్ష చట్టం తెచ్చి అడగడం మానేసింది. తుపాకీ వదిలేశానని సంతకం పెడితే ఒక సర్టిఫికెట్, పరుపు, పార లాంటి పనిముట్లు, విత్తనాలు, 263,000 షిల్లింగులు ఇచ్చేవారు. గూలూలో పిల్లల కోసం ఉన్న కేంద్రాల్లో గాయాలకి మందు వేసి, బొమ్మలు గీయించి, ఆటలాడించి, ఈలోపు ఇంటివాళ్లు ఎక్కడున్నారో వెతికేవారు. దొరికాక ఇంటి దగ్గర గుడ్డు.

గుడ్డు అంటే మనకి తెలిసిందే. మూడు దారులు కలిసేచోట కనిపిస్తే పక్కకి తప్పుకుని పోతాం, పిల్లల్ని చెయ్యి పట్టి లాగుతాం. ఇక్కడ దాన్ని ఇంటి ముందు నేల మీద పెట్టి, తిరిగొచ్చిన పిల్లాడిని తొక్కమంటారు. పక్కన జారుడుగా ఉండే ఒపోబో చెట్టు కొమ్మ, లయిబి అనే కర్ర. పచ్చి గుడ్డులో ఏ మచ్చా ఉండదు, అలా అయిపోయి లోపలికి రావాలని. కొమ్మ అంటుకున్నది కడగడానికి. కన్నవాళ్లు, చుట్టాలు, ఊరు చూస్తుండగా తొక్కి లోపలికి నడుస్తాడు. ఏం చేశావన్న ప్రశ్న ఆ తంతులో ఎక్కడా లేదు. శ్మశానం నుంచి వచ్చి గుమ్మం బయటే కాళ్లు కడుక్కునేటప్పుడు మనల్ని కూడా ఎవరూ ఏమీ అడగరు, నీళ్లు పోస్తారంతే. ఈ సంగతి తట్టాక వాళ్ల పద్ధతి నాకు పరాయిగా అనిపించలేదు.

అలాగని ఇక్కడివాళ్లు అన్నీ మింగేసి కూర్చుంటారని కాదు. ఒక వంశంవాడు ఇంకో వంశంవాడిని చంపితే మాతో ఒపుత్ అని వేరే పద్ధతుంది. అందులో అన్నీ అడుగుతారు. చేసినవాడు ఒప్పుకోవాలి, వాళ్లవాళ్లు నష్టం కట్టాలి, చివర రెండు వైపులవాళ్లూ ఒకే సొరకాయ బుర్రలో చేదు వేరు కలిపిన పానీయం తాగాలి. అడిగే హక్కు పోగొట్టుకున్నవాళ్లది. గోడౌన్ మేనేజర్‌ది కాదు.

గుడ్డుతో అంతా కుదుటపడిందని కూడా నేను చెప్పను. అడవిలో బలవంతపు కాపురం చేయించి, బిడ్డల్తో తిరిగొచ్చిన ఆడపిల్లల సంగతి వేరు. ఇక్కడ భూమి తండ్రి వంశం నుంచి వస్తుంది, ఆ బిడ్డలకి తండ్రి వైపు ఎవరూ లేరు. బోరింగ్ దగ్గర నీళ్ల కోసం గొడవైతే చాలు, 'అడవి బిడ్డ' అనేస్తారు. పెద్దయ్యేదాకా తిరిగి రానివాళ్ల కథ ఇంకా చిక్కు. డొమినిక్ ఒంగ్వెన్‌ని తొమ్మిదేళ్లప్పుడు బడికి పోతుంటే ఎత్తుకుపోయారు. అదే ముఠాలో కమాండరై ఇంకెందరి పిల్లల్నో ఎత్తుకొచ్చాడు. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2021లో 61 నేరాలు రుజువయ్యాయని 25 ఏళ్లు వేసింది. అతని బాల్యాన్ని చూసే యావజ్జీవం వెయ్యలేదంది. ఇది ఎక్కువనేవాళ్లూ తక్కువనేవాళ్లూ మా గోడౌన్‌లోనే ఉన్నారు. నేనిప్పుడు ఆ చర్చలో నోరు విప్పను.

లయిబి దగ్గరికి మళ్లీ వస్తాను, నన్ను పట్టుకున్నది అదే. అది ధాన్యం గాదె మూత ఎత్తి నిలబెట్టే కర్రట. గుడ్డు పక్కన దాన్ని ఎందుకు పెడతారంటే, ఈ ఇంటి గాదెలో తిండి మళ్లీ నీదే అని చెప్పడానికి.

మా గోడౌన్‌కి రెండు తాళంచెవులున్నాయి. పాత అసిస్టెంట్ దగ్గర ఒకటి ఉండేది. ఇతని కథ నా చెవిన పడ్డ రోజు నుంచి రెండూ నా జేబులోనే ఉన్నాయి. సెక్యూరిటీ అని నాకు నేను చెప్పుకున్నాను. ఇతని రాత నెమ్మది అని కూడా ఒక సాకు. పదమూడేళ్లప్పుడు తిరిగొచ్చి, తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోలేక బడి మానేసినవాడి రాత నెమ్మదిగా కాక ఎలా ఉంటుంది? ఇలా వెళ్లొచ్చిన కుర్రాళ్ల మీద ఇక్కడ చేసిన ఒక సర్వేలో తేలింది కూడా అదే. చాలామందిని ఇంటివాళ్లు దగ్గరికి తీసుకున్నారు, వెనకబడింది చదువులో, దాని వెంట సంపాదనలో. అంటే నాలాంటివాడి గోడౌన్లో.

సారీ చెప్పాను. "వానొస్తే టార్పాలిన్ చూసుకోవాలి కదా బాస్" అన్నాడు.

బుధవారం సాయంత్రం రెండో తాళంచెవి అతని ముందు పెట్టాను. నా మనసులో అదో పెద్ద సన్నివేశం. అతను ముట్టుకోలేదు. "స్టాక్ లెక్కపెట్టకుండా తీసుకోను బాస్. రేపు ఒక్క బస్తా తగ్గితే అందరూ ఎవరి వైపు చూస్తారో నాకు తెలుసు" అన్నాడు.

చీకటి పడేదాకా లెక్కపెట్టాం. అతను సుద్దముక్కతో గోడ మీద అయిదేసి గీతలు గీస్తూ పోయాడు. రిజిస్టర్లో 418, గోడ మీద 417. మళ్లీ లెక్కపెట్టినా 417. బిల్లులన్నీ తిరగేస్తే సోమవారం బిల్లులో 35 బస్తాలని నేనే 36 రాశాను. కొట్టేసి దిద్దాను. పక్కన సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. తారీఖు కూడా వెయ్యమన్నాడు.

అప్పుడు తాళంచెవి తీసుకుని, తలుపు దగ్గర నిలబడి ఒకసారి తాళం వేసి తీశాడు. "నూనె వెయ్యాలి బాస్" అన్నాడు.