మక్తా గోడల ముందు మా అమ్మాయి

ఎండ ముదరకముందే మా అమ్మాయిని హుస్సేన్ సాగర్‌కు దగ్గరలోని ఎం.ఎస్. మక్తాకు తీసుకువెళ్లాను. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాదులో నిర్వహించిన వీధి చిత్రకళా ఉత్సవంతో ఈ బస్తీ ఇళ్ల గోడలకు బొమ్మలు రావడం మొదలైంది. చిత్రకార దంపతులు స్వాతి, విజయ్ గీసే తెలంగాణ స్త్రీల నిండైన ముఖాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. తనకూ అవే నచ్చాయి.

"నాన్నా, ఇంత పెద్ద ముఖం వంకర పోకుండా ఎలా గీస్తారు?" అని అడిగింది. కాగితం మీది చిన్న బొమ్మకు గళ్లు గీసుకొని, అన్ని గళ్లనే గోడ మీద పెద్దవిగా వేసి, ఒక్కొక్క గడిలోని గీతను దానికి సరిపోయే గడిలోకి ఎక్కించడం చాలామంది చిత్రకారులు పాటించే పాత పద్ధతి అని చెప్పాను. వానకు తడిసే గోడల మీద రంగు కొన్నిచోట్ల పెచ్చులూడింది, ఒక బొమ్మకు అడ్డంగా బట్టలు ఆరేసి ఉన్నాయి. అయినా గ్యాలరీ కన్నా ఈ సందులే పిల్లలకు మేలనిపించింది. (అక్కడైతే "ముట్టుకోవద్దు" అనడంతోనే నాకు సరిపోయేది.)

ఇంటికి రాగానే స్కేలు, పెన్సిలు పట్టుకొని గళ్లు గీయడానికి వాళ్ల తాతయ్య ఫొటో అడిగింది. జిరాక్సు తీయించి ఇస్తానన్నాను.