లంక మట్టి న్యూట్‌కి ఎందుకు పనికిరాదో పిల్లలకు చెప్పాలంటే

"తాతయ్య లంక పొలం మట్టి అంత మంచిదైతే మన న్యూట్ తొట్టెలో ఎందుకు వెయ్యకూడదు?" అని మా అమ్మాయి అడిగింది. లంక అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ; న్యూట్ అంటే ఇక్కడ అమెరికాలో మేం ఇంట్లో తొట్టెలో పెంచుకునే, బల్లిలా తోక ఉన్న చిన్న నీటి జీవి. వద్దన్నాను. "అంటే అది మురికి మట్టా?" అంది. ఆ రెండో ప్రశ్నే నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది. వద్దు అన్న ఒక్క మాటతో వదిలేస్తే పిల్లలు మట్టి మీద కాదు, మన ఊరి మీదే అభిప్రాయం ఏర్పరచుకుంటారు.

లంక మట్టి బంగారమే, అరటికీ కందకీ వంగకీ. న్యూట్ సంగతి వేరు. కప్పల్లాగే అదీ ఉభయచరం, నీళ్లలో కరిగినవి చాలావరకు దాని చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి వెళ్తాయి. పొలంలో వేసిన యూరియా, డీఏపీ, పురుగుమందుల అవశేషాలు పైరుకు చెయ్యని హాని దానికి చేస్తాయి. తెగుళ్ల మందుల్లో ఉండే రాగి అయితే కొద్దిపాటి మోతాదు చాలు. సముద్రం దగ్గరి మండలాల్లో ఉప్పు కూడా తోడవుతుంది. పైగా అమెరికాలోకి విదేశీ మట్టి తేవాలంటే వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి. ఇవన్నీ చెప్పాక "మురికి" అన్న మాటకు చోటుండదు.

మరి ఏం వెయ్యాలి? ఎరువు కలపని సాదా టాప్‌సాయిల్ (పైమట్టి) కొనండి. కుండీల కోసం అమ్మే పాటింగ్ మిక్స్ వద్దే వద్దు. అందులోని తెల్లటి పెర్లైట్ పలుకులు నీళ్లపై తేలతాయి, న్యూట్ మింగేస్తుంది. ఎరువు గుళికలు, పశువుల ఎరువు అమోనియా వదులుతాయి. గుప్పెడు మట్టిలో వెనిగర్ పోసి చూడండి. నురగ పొంగితే అందులో సున్నం గానీ గుల్లలు గానీ ఉన్నట్టే, వాటివల్ల నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది.

మట్టిని జల్లించి, బకెట్‌లో ఒక రోజు నానబెట్టి, పైకి తేలిన పుల్లలూ బెరళ్లూ తీసేసి, నీళ్లు ఒంపి, టార్పాలిన్ మీద పల్చగా ఆరబెట్టాలి. ఇలా నాలుగుసార్లు. ఇక్కడ పిల్లలతో తాతయ్యకు ఫోన్ చేయించండి. వేసవిలో కాలువలు కట్టేశాక చేలు బీటలు వారితే నేలకు ఏం మేలో ఆయన చెబుతారు. మన బకెట్‌లో జరిగేదీ అదే. తడిసి ఆరే మట్టికి గాలి తగిలి, అందులోని బ్యాక్టీరియా అమోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది.

తొట్టె అడుగున 2.5 సెంటీమీటర్ల మట్టి, దానిపై 3 సెంటీమీటర్ల సన్న ఇసుక. అంతకన్నా మందంగా వేస్తే అడుగుకు గాలి అందక హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన పట్టిస్తుంది. వాలిస్నేరియా లాంటి వేళ్ల మొక్కలు మొదటి రోజే ఒత్తుగా నాటండి, వాటి వేళ్లు మట్టికి ఆక్సిజన్ ఇస్తాయి. మొక్కల్లేని చోట వారానికోసారి సన్న పుల్లతో నెమ్మదిగా గుచ్చండి. ఇసుక గింజ గుండ్రంగా, ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. కంకర మాత్రం వెయ్యకండి. వానపామును అందుకోబోయి న్యూట్ రాయి మింగితే పేగులో ఇరుక్కుంటుంది. రాళ్లు పెట్టాలనుకుంటే దాని తలకన్నా పెద్దవే పెట్టండి.

అక్వేరియం మొక్కల కోసం అమ్మే ఆక్వాసాయిల్‌లో చాలా రకాలు మొదటి వారాల్లో అమోనియా వదులుతాయి. ఏ మట్టి వేసినా తొట్టెను నీళ్లు నింపి, న్యూట్ లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. నీటి పరీక్షలో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపి, అలాగే నిలబడ్డాకే న్యూట్‌ను దింపాలి. పాత నీళ్లు, మట్టి పెరట్లోనూ వాగులోనూ పారబోయకండి. న్యూట్‌లతో సహా సాలమాండర్లను చంపే బీసాల్ అనే శిలీంధ్రం అలా వ్యాపించే ప్రమాదం ఉంది.

ఊరి వస్తువే కావాలని పిల్లలు పట్టుబడితే ఒక దారుంది. కోనసీమలో పీచు తీసే చోట గుట్టలు పడే కొబ్బరిపొట్టు ఇక్కడ ఎండిన ఇటుకల రూపంలో దొరుకుతుంది. ఉప్పు పోయేదాకా కడిగి, నీళ్ల పైన ఉండే మెట్ట భాగంలో పరచవచ్చు. నీళ్లలో వేస్తే తేలుతుంది, రంగు దిగుతుంది.

ఊరి మట్టి మీద మమకారం ఉండాలని పట్టుబట్టేదీ మనమే, తీరా వాళ్లు ఆ మట్టే అడిగితే నిబంధనలు చెప్పేదీ మనమే. కారణాలన్నీ నిజమే. అయినా అవి పిల్ల మనసులో ఏ రూపంలో మిగులుతాయో నాకు తెలియడం లేదు.

మట్టి సంగతి అలా ఉంచితే వేడి ఇంకో చిక్కు. ఫైర్ బెల్లీడ్ అనే ఎర్ర పొట్ట రకం న్యూట్‌కి నీళ్లు 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, 24 దాటితే నీరసించిపోతుంది. వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి ఊరెళ్తే ఏసీ ఉండదు. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ, ఆవిరైన నీళ్లు నింపే మనిషి కావాలి. మనిషి దొరక్కపోతే "తాతయ్య దగ్గర కొన్ని రోజులు తక్కువ ఉందాం" అని మా అమ్మాయి అంటుంది. అప్పుడు ఏమనాలో నాకింకా తేలలేదు.